వన్స్ మోర్ పడితే తెర దించరాదు

నా ఎడమ చేతిని ఫోటో తీయనివ్వనన్నందుకు నాకు పొగరని మస్కట్‌లో కొందరు అనుకున్నారు. అనుకున్నది నిజమే. వంటమనిషికి పొగరేమిటని అడిగినవాళ్ళూ ఉన్నారు. నేను వంటమనిషినన్నది ఎంత నిజమో, ప్రొద్దుటూరు చుట్టుపక్కల ఊళ్ళలో జీవితమంతా పద్యనాటకాలకు హార్మోనియం వాయించిన మనిషి కూతురినన్నదీ అంతే నిజం. పొగరు నాకు ఆ వైపు నుంచి వచ్చింది.

మా నాన్న సంగతి చెప్పకుండా ఈ గొడవ అర్థం కాదు. నాటకంలో రాజులూ రాణులూ మారుతుంటారు గానీ స్టేజీకి ఒక పక్క హార్మోనియం ముందు కూర్చున్న మనిషి మాత్రం కదలడు. ఎవరు ఏ శ్రుతిలో పాడాలో, ఎంతసేపు రాగం తీయాలో అతనే చూసుకుంటాడు. పద్యం చివర పాత్రధారి రాగం బాగా సాగదీస్తే జనం లోంచి "వన్స్ మోర్" అని కేక పడుతుంది. ఇక ఆ పద్యం మళ్ళీ పాడాల్సిందే. చచ్చి పడిపోయిన పాత్రయినా సరే, లేచి నిలబడి, ధూళి దులుపుకుని, పద్యం ఇంకోసారి పాడి మళ్ళీ చావాలి. చిన్నప్పుడు నేను దాన్ని చూసి పడీపడీ నవ్వేదాన్ని.

నాన్న మాత్రం ఆ కేకను చాలా గౌరవించేవాడు. ఒకసారి ఒక ఊళ్ళో ఎవరో పెద్ద నాయకుడు కారు దిగాడని, ఆయనకు దండ వేయాలని నాటకం కాంట్రాక్టరు తెర దించమన్నాడు. అప్పుడే వన్స్ మోర్ పడింది. నాన్న షడ్జం మీద వేలు పెట్టి, ఎడమ చేత్తో గాలి తిత్తి వేస్తూ అలాగే కూర్చున్నాడు. శ్రుతి మోగుతూనే ఉంది. తాడు పట్టుకున్నవాడికి తెర దించడానికి చేతులు రాలేదు. నాయకుడు దండ కోసం పద్యం అయ్యేదాకా నిలబడ్డాడు. ఇంటికి వస్తూ బండిలో నాన్న అన్నాడు, "వన్స్ మోర్ పడితే తెర దించరాదు పాపా. పాట ఆపమనే హక్కు విన్నోళ్ళకే గాని, తాడు పట్టుకున్నోనికి ల్యా." ఆడపిల్లకు హార్మోనియం ఏమిటికని ఊళ్ళోవాళ్ళు సణిగినా నాకు మెట్లు నేర్పింది ఆయనే.

తర్వాత నాటకాలు తగ్గిపోయాయి. నాన్న పోయాడు. మా హార్మోనియం ఎవరింట్లోనో భజనకని వెళ్ళి మరి తిరిగి రాలేదు. మా జిల్లా ఆడవాళ్ళు చాలామంది వచ్చినట్టే నేనూ ఒమాన్ వచ్చి, మస్కట్ నగరంలోని ఘుబ్రాలో ఒక ఒమానీ ఇంట్లో వంటకు కుదిరాను. మేడం మంచి మనిషి. ఉప్పు తక్కువైతే చెప్పేది, ఎక్కువైతే ఇంకాస్త గట్టిగా చెప్పేది. అంతకు మించి నోరు చేసుకునేది కాదు.

నా చేతికి మళ్ళీ హార్మోనియం రావడానికి కారణం అదే నగరంలో హమ్రియా పేటలో కుట్టుపని చేసే భాయ్. కడప మనిషి. ఇంట్లోవాళ్ళతో ఫోనులో దక్నీ ఉర్దూ, నాతో మాత్రం సీమ తెలుగు. పగలంతా మిషన్ మీద చొక్కాలు, శుక్రవారం వస్తే డోలక్. మేడం పిల్లల బట్టలు తీసుకురావడానికి వెళ్ళినప్పుడు పరిచయం. నేను ఎవరి కూతురినో తెలిసిన రోజు నుంచి నన్ను వదల్లేదు. ఒకరోజు ఫోను చేసి, "అక్కా, రూమ్ ఖాళీ చేసి పోతా ఎవరో ఒక పెట్టె ఇడిసి పోయినారు. ఊపిరి ఆడతాండాదో లేదో వచ్చి చూడు" అన్నాడు. పాత హార్మోనియం. సముద్రపు గాలికి లోపలి ఇత్తడి రీడ్లు చిలుము పట్టి కొన్ని మెట్లు దగ్గుతున్నాయి. కూర్చుని ఒక్కొక్కటీ గీకి శుభ్రం చేసుకున్నాను. మేడం అనుమతితో వంటింటి పక్క గదిలో పెట్టుకున్నాను.

ఒక శుక్రవారం మధ్యాహ్నం వంట అయ్యాక వాయించుకుంటుంటే గుమ్మంలో ఒక ముసలాయన నిలబడి ఉన్నాడు. మేడం మేనమామ. సముద్రపు ఒడ్డున ఉన్న సూర్ ఊరి నుంచి వచ్చినప్పుడల్లా పెద్ద చేప ఒకటి తెచ్చి నాకు పని పెట్టే మనిషి. ఇంటికి వచ్చిన మగవాళ్ళు వంటింటి వైపు రారు. ఆయన వచ్చి, చిన్నప్పుడు వాళ్ళ నాన్న పడవలో ఇండియా రేవులకు తిరుగుతూ నేర్చుకున్న హిందీలో, "ఆపకు, నేను చేప గురించి అడగడానికి రాలేదు" అన్నాడు. మరుసటి వారం తన ఊద్ తెచ్చాడు. పొట్ట గుండ్రంగా, మెడ పొట్టిగా ఉండే తీగల వాద్యం అది. నేను ఆయన్ని అందరిలాగే బాబా అనేదాన్ని.

నాలుగో మనిషి పక్కింట్లో మంచం పట్టిన అవ్వను చూసుకునే ఫిలిప్పీన్స్ అమ్మాయి. వాళ్ళ ఊరి చర్చిలో ఆర్గన్ వాయించేదట. గోడ అవతల నుంచి విని విని, ఒకరోజు ఉండబట్టలేక అవ్వ నిద్రపోయాక కీబోర్డు చంకన పెట్టుకుని వచ్చేసింది. నన్ను ఆతే అని పిలిచేది. వాళ్ళ భాషలో అక్క అని అర్థం.

అలా శుక్రవారాలు ఆ ఇంటి మజ్లిస్‌లో, అంటే అతిథుల గదిలో, నలుగురం కూడేవాళ్ళం. కూడి పోట్లాడుకునేవాళ్ళం. ఆ అమ్మాయికి ప్రతిదీ లెక్క ప్రకారం నడవాలి. భాయ్ చేతిలో పడితే జోలపాట కూడా ఖవ్వాలీ అయిపోతుంది. నేనేమో రాగం పట్టానంటే వదలను. బాబాకు నా హార్మోనియం మీద ఒకే ఒక్క ఫిర్యాదు. "ఈ రెండు మెట్ల మధ్య ఒక స్వరం ఉండాలి. నీ పెట్టె చేసినవాడు దాన్ని మింగేశాడు" అనేవాడు. "పెట్టెలో లేకపోతే గొంతులో ఉంది బాబా" అని నేను పాడి చూపించాను. ఆయన కళ్ళు మూసుకుని తల ఊపాడు. ఆ తర్వాత కూడా ఫిర్యాదు మానలేదు.

రంజాన్ నెలలో ఒక సాయంత్రం ఉపవాసం విడిచే వేళకు సంబూసాలు వేయిస్తున్నాను. ఇంటినిండా చుట్టాలు. నేల మీద ఎవరో నీళ్ళు ఒలకబోశారు, కాలు జారింది, పడకుండా ఆపుకోబోయి ఎడమ చేత్తో మూకుడు అంచు పట్టుకున్నాను. నూనె మొత్తం ఆ చేతి మీదే పడింది. మేడం ఉపవాసం విడవకుండానే నన్ను కారెక్కించుకుని ఆసుపత్రికి పరుగు పెట్టింది. ఖర్చంతా వాళ్ళే పెట్టుకున్నారు. పుండు మానింది. కానీ మానుతూ మానుతూ చర్మం బిగుసుకుపోయి, వేళ్ళు అరచేతిలోకి ముడుచుకుపోయాయి. విప్పాలని చూస్తే కదిలేవి కావు. కోసి, బిగుసుకున్న చర్మం తీసేసి, తొడ మీది చర్మం అతికితే తప్ప ఆ గుప్పిట తెరుచుకోదని డాక్టరు చెప్పాడు. ఆలస్యమయ్యేకొద్దీ కీళ్ళు కూడా గట్టిపడిపోతాయన్నాడు.

అప్పటికి మేడం భర్త ఉద్యోగం పోయింది. ఆమె నన్ను చూసినప్పుడల్లా తల దించుకునేది. ఇండియాకు పోయి చేయించుకోవచ్చు గదా అని సలహా ఇచ్చినవాళ్ళు చాలామంది. పోతే వీసా రద్దవుతుంది. వేళ్ళు తెరుచుకున్నాక మళ్ళీ పిలిచేదెవరు? తెరుచుకోకపోతే నన్ను వంటకు పెట్టుకునేదెవరు? ఒక చేత్తో ఉల్లిపాయ కూడా తరగలేకపోయేదాన్ని. నేను తరగాల్సినవి పక్కింటి అమ్మాయి వచ్చి తరిగిపెట్టి వెళ్ళేది. అట్లా ఎన్నాళ్ళు? హార్మోనియం మీద గుడ్డ కప్పేశాను. కుడి చేతికి మెట్లు ఉన్నా, తిత్తి వేయాల్సిన చెయ్యి లేదు.

కచేరీ ఆలోచన బాబాది. మనం పాడదాం, టికెట్ కొన్నవాళ్ళ డబ్బు ఆసుపత్రికి పోతుంది అన్నాడు. అయితే ఈ దేశంలో ఎవరు పడితే వాళ్ళు చందాలు పోగు చేయకూడదు. అనుమతి ఉన్న ధర్మసంస్థ చేతుల మీదుగానే జరగాలి. ఆ కాగితాల తిరుగుడంతా తిరగగలిగిన మనిషి కోసం భాయ్ వెతికి, మన తెలుగువాళ్ళ సంఘం ఒకదాని అధ్యక్షులవారిని పట్టుకున్నాడు. గోదావరి వైపు మనిషి. ఆయన్ని నేను చెడ్డవాడనను. డ్యూటీ అయ్యాక ఎండలో ఆఫీసుల చుట్టూ తిరిగి అనుమతి తెచ్చారు, హాలు మాట్లాడారు. ఆయనతో వచ్చిన చిక్కల్లా ఆయనకు తెలిసిన పద్ధతి ఒక్కటే కావడం. జ్యోతి వెలిగించడం, శాలువా, మెమెంటో, చివర్లో తలుపంత అట్టముక్క మీద అచ్చువేసిన చెక్కు, దాని వెనక వరుసగా నిలబడి ఫోటో. దానం పుచ్చుకునే మనిషి మధ్యలో ఉండాలి. నవ్వకూడదు.

పోస్టరు కోసమని మమ్మల్ని నలుగురినీ వాద్యాలతో సహా పిలిపించారు. నేను ఉన్నవాటిలో మంచి చీర కట్టుకుని వెళ్ళాను. ఎడమ చెయ్యి కొంగు కింద ఉంది. ఫోటోగ్రాఫరు నన్ను ఒక్కదాన్నే గోడ దగ్గర నిలబెట్టాడు.

"అమ్మా, ఆ కొంగు కాస్త తీసేయండి. చెయ్యి ముందుకు పెట్టండి" అన్నారు అధ్యక్షులవారు.

"ఏమిటికి సార్?"

"చూస్తేనే కదండీ జనానికి జాలి కలిగేది."

"జాలి వద్దు సార్. టికెట్ కొని పాట వినమనండి, చాలు."

ఆయన చిన్నపిల్ల మాట విన్నట్టు నవ్వారు. "పాట కోసం ఎవరొస్తారమ్మా ఈ రోజుల్లో? మీ కోసం వస్తారు. మీరు పాడక్కర్లేదు, స్టేజీ మధ్యలో కుర్చీ వేస్తాం, అందులో కూర్చుంటే చాలండి. పాటలు మిగతావాళ్ళు చూసుకుంటారు. ఆఖర్న శాలువా కప్పి చెక్కు ఇచ్చేస్తాం."

"నేను వాయిస్తాను. నా పద్యం నేను పాడతాను. తిత్తి వేయడానికి మనిషిని చూసుకుంటాను. చెయ్యి మాత్రం చూపించను."

"ఇలాగైతే కష్టమమ్మా. ఫోటో లేకపోతే డోనర్లు రారు. మీకిష్టం లేదంటే ప్రోగ్రాం ఆపేద్దాం, మాదేం పోయింది?"

నాకు భయం వేసింది. ఆ చెయ్యి అలాగే మూసుకుపోయి, సంచి పట్టుకుని ప్రొద్దుటూరు బస్టాండులో దిగుతున్నట్టు కళ్ళ ముందు కనబడింది. ఒక్క ఫోటో. కొంగు తీస్తే అయిపోయేదే. అయినా ఒళ్ళు మండిపోయింది. వీధిలో బిచ్చగాడి పుండు చూపించి ఇంకొకడు డబ్బాలో చిల్లర వేయించుకున్నట్టు నా చేతిని ముందు పెడతారా? పాట పాడగలిగిన మనిషిని నోరు మూయించి కుర్చీలో కూర్చోబెడతారా?

"ఆపేయండి సార్" అన్నాను.

భాయ్ గాభరాపడి నా పక్కకు జరిగాడు. "ఏందక్కా నువ్వు! చెయ్యి కావల్లా వద్దా నీకు?"

"కావల్లా. చేతితో పాటు నేను గూడా కావల్లా."

అప్పటిదాకా మూల కూర్చుని టీ తాగుతున్న బాబా ఏం జరుగుతోందని అడిగాడు. భాయ్ హిందీలో చెప్పాడు. బాబా నిదానంగా టీ ముగించి, కప్పు కింద పెట్టి, "పోస్టరుకు చెయ్యే కదా కావలసింది? నాది తీసుకోండి. ముసలిదైనా బాగానే ఉంది" అని ఊద్ మీద చెయ్యి వేసి కూర్చున్నాడు. ఫిలిప్పీన్స్ అమ్మాయి వెళ్ళి ఆ పక్కన కీబోర్డు మీద తన చేతులు పెట్టింది. భాయ్ డోలక్ దించాడు. నేను వెళ్ళి హార్మోనియం మెట్ల మీద నా కుడి చెయ్యి పెట్టాను. ముఖాలేవీ లేకుండా ఆ చేతులనే ఫోటో తీశారు. ఒమానీ పెద్దాయన అంతగా చెప్పాక అధ్యక్షులవారు కాదనలేకపోయారు. పైగా ఫోటో బాగా వచ్చింది. "సరేనమ్మా, ఒక్క పద్యం పాడుకోండి. కానీ ఆఖర్న కుర్చీ, చెక్కు మాత్రం తప్పవు. స్పాన్సర్లు ఒప్పుకోరు" అన్నారు. నేను అవునూ అనలేదు, కాదూ అనలేదు.

తిత్తి వేస్తానని ముందుకొచ్చింది ఆ అమ్మాయే. నా పద్యానికి కీబోర్డు పని లేదు కాబట్టి చేతులు ఖాళీ. కానీ మొదటిసారి సాధన చేసినప్పుడు నాకు దానిమీద విపరీతమైన కోపం వచ్చింది. చర్చిలో తాళం తప్పకుండా వాయించి వాయించి అలవాటైన పిల్ల, తిత్తిని కూడా తాళానికే వేస్తోంది. ఒకటీ రెండూ మూడూ నాలుగూ అని తలాడిస్తూ ఊపుతుంటే నా రాగం ఎత్తుపల్లాల రోడ్డు మీద పడ్డ ఆటోలా ఎగిరెగిరి పడుతోంది. పద్యానికి తాళం ఉండదని చెప్పాను. తాళం లేకుండా పాట ఎలా ఉంటుందని అది నోరు తెరిచింది. మా నాన్న ఉంటే మొట్టికాయ వేసేవాడు.

చివరికి దాన్ని నా ఎడమ పక్క కూర్చోబెట్టి, దాని కుడి చేతిని తీసి నా వీపు మీద పెట్టుకున్నాను. "లెక్క పెట్టవద్దు. ఇక్కడ చూసుకో. నేను ఊపిరి పీల్చేటప్పుడు తిత్తి తెరువు. నేను పాడేటప్పుడు మెల్లగా మూస్తూ రా" అన్నాను. కాసేపు తడబడింది. కళ్ళు మూసుకుంది. తర్వాత ఎప్పుడో ఒక దగ్గర మా ఇద్దరి ఊపిరీ కలిసింది. పెట్టె నా గొంతుతో పాటే ఎక్కి, నా గొంతుతో పాటే దిగింది. బాబా ఊద్ ఆపి, "ఇప్పుడు నీకు మూడు చేతులు" అన్నాడు.

కచేరీ రోజు ఘుబ్రాలో హాలు నిండింది. ముందు వరుసల్లో డోనర్లు, వాళ్ళ కుటుంబాలు. వెనక వరుసల్లో హమ్రియా రూముల నుంచి వచ్చినవాళ్ళు, ఇళ్ళల్లో పనిచేసే మా కడప ఆడవాళ్ళు, గోదావరి ఆడవాళ్ళు. సెలవు అడిగి, అడిగి, తెచ్చుకుని వచ్చారు. ఒక పక్కన సూర్ నుంచి బాబా చుట్టాలు తెల్లటి దుస్తుల్లో వరుసగా కూర్చున్నారు. జ్యోతి వెలిగింది. ఉపన్యాసాలయ్యాయి. పిల్లల డాన్సులయ్యాయి. మిగతా ముగ్గురి పాటలకు చప్పట్లు బాగానే పడ్డాయి. చివర్లో నా పద్యం.

అది మా నాన్న సొంతంగా కట్టిన పద్యం. ఒక కూలి మనిషి దొర కొలువులో నిలబడి అడుగుతుంది. నేను చెయ్యి చాచింది దానం కోసం కాదు, నా కూలి కోసం అంటుంది. ఎందుకు ఆ పద్యమే ఎంచుకున్నానని తర్వాత అధ్యక్షులవారు అడిగారు. వేరేది రాదని చెప్పాను. అబద్ధం.

ఎడమ చెయ్యి కొంగు కిందే ఉంచుకుని కూర్చున్నాను. ఆ అమ్మాయి ఒక చెయ్యి నా వీపు మీద, ఒక చెయ్యి తిత్తి మీద పెట్టింది. అది నా మీద జాలిపడి వీపు నిమురుతోందని ముందు వరుసలో కొందరు అనుకున్నారట. పాడాను. చివర రాగం తీసి, బాబా చెప్పే ఆ మింగేసిన స్వరం దగ్గర కాసేపు నిలబడి, కిందికి దిగాను. చప్పట్లు మర్యాదగా పడ్డాయి. వెంటనే యాంకరు మైకు పట్టుకుని వచ్చి ధన్యవాదాలు అంది. ఇద్దరు కార్యకర్తలు ఎర్రగుడ్డ కప్పిన కుర్చీ తెచ్చి స్టేజీ మధ్యలో వేశారు. వాళ్ళ వెనక ఆ తలుపంత చెక్కు వస్తోంది. అధ్యక్షులవారు శాలువా మడత విప్పుతున్నారు.

అప్పుడు వెనక వరుసల్లోంచి ఎవరో ఆడమనిషి గొంతెత్తి అరిచింది, "వన్స్ మోర్!"

ఆ కేక విని ఎన్నేళ్ళయిందో. ప్రొద్దుటూరు వైపు మనిషే అయి ఉండాలి, వేరేవాళ్ళకు ఆ అరుపు అట్లా రాదు. ఆమె వెనకే ఇంకొకామె. తర్వాత ఆ వరుసలన్నీ. "వన్స్ మోర్! వన్స్ మోర్ అక్కా!" ముందు వరుసలవాళ్ళు ఇదేం గోలన్నట్టు వెనక్కి తిరిగి చూశారు. అధ్యక్షులవారు నావైపు చెయ్యి ఊపుతున్నారు, చాలు, లేవమని.

నా వేలు షడ్జం మీదే ఉంది. తీయలేదు. మా నాన్న ఆ ఊళ్ళో తీయలేదు, నేనెందుకు తీస్తాను? ఊపిరి పీల్చాను. వీపు మీద చెయ్యి ఉన్న ఆ పిల్లకు నేనేమీ చెప్పనక్కర్లేకపోయింది. తిత్తి తెరుచుకుంది.

రెండోసారి బాబా ఊద్ నా వెనకే వచ్చింది. ఇది ఆయనకు కొత్త కాదు. వాళ్ళ సంగీతంలోనూ నచ్చిన చోట మళ్ళీ పాడమని అడగడం ఉంది, అడిగితే పాడడం ఉంది. పద్యం అయిందో లేదో ఆయన చుట్టాలు "మర్రా థానియా" అని అందుకున్నారు. అంటే మరోసారి. ఇక ముందు వరుసలకూ అంటుకుంది. యాంకరు మైకు దించేసింది. చెక్కు మోస్తున్నవాళ్ళు దాన్ని ఎటు పెట్టాలో తెలియక దాని వెనకే నిలబడ్డారు. మూడోసారి మొదలుపెట్టబోతుంటే, అంతసేపు నేల మీద కూర్చుని మోకాళ్ళు పట్టేసిన బాబా మెల్లగా లేచి, ఊద్ తీసుకుని, నా కోసం వేసిన ఆ కుర్చీలో హాయిగా కూర్చుని వాయించడం మొదలుపెట్టాడు.

మూడోసారి నేను ఎవరి కోసమూ పాడలేదు. కోపంతో పాడాను, సంతోషంతో పాడాను, మా నాన్నను తలుచుకుని పాడాను. కళ్ళ వెంట నీళ్ళు కారుతుంటే తుడుచుకోలేదు. కుడి చెయ్యి మెట్ల మీద ఉంది, ఎడమ చెయ్యి కొంగు కింద ఉంది, తుడుచుకునేందుకు చెయ్యేది?

పద్యం అయ్యేసరికి హాలుకు ఇచ్చిన సమయం అయిపోయింది. అక్కడివాళ్ళు లైట్లన్నీ వేసి తలుపులు తెరిచేశారు. అధ్యక్షులవారు హడావిడిగా వచ్చి, చేతిలో ఉన్న శాలువాను కుర్చీలో ఎవరుంటే వాళ్ళకు కప్పేశారు. కుర్చీలో ఉన్నది బాబా. చెక్కు తెచ్చి బాబా చేతికిచ్చారు. ఫోటోలు టపటపా పడ్డాయి. బాబా ఆ అట్టను అటూ ఇటూ తిప్పి చూసి, దీన్నేం చేయాలని భాయ్‌ను అడిగాడు.

దిగి వస్తుంటే అధ్యక్షులవారు ఎదురుపడ్డారు. ఆయన ముఖం కందిపోయి ఉంది. "ఇంత కష్టపడ్డానమ్మా. చివరికి మీతో ఒక్క ఫోటో లేకుండా చేశారు."

"వన్స్ మోర్ పడింది సార్" అన్నాను. "పడితే తెర దించరాదు."

డబ్బు ఎట్లాగూ నా చేతికో ఆయన చేతికో వచ్చేది కాదు. ధర్మసంస్థ దాన్ని నేరుగా ఆసుపత్రికి కట్టింది. ఫోటోలో నేను లేనని ఎవరూ ఇచ్చింది వెనక్కి అడగలేదు. ఆపరేషన్ అయింది. ఆ తర్వాత ఆసుపత్రిలో రోజూ వేళ్ళు సాగదీయించే ఆమె నన్ను పెట్టిన హింసను మాత్రం ఏ పద్యంలోనూ పాడలేను. నా అరుపులకు పక్క గదిలోవాళ్ళు వచ్చి చూసేవాళ్ళు. వేళ్ళు తెరుచుకున్నాయి. చిటికెన వేలు ఒక్కటి మొండికేసి ఇప్పటికీ వంగే ఉంది. నా వేలే కదా. మళ్ళీ వంటింట్లోకి వెళ్ళాను. ఉల్లిపాయలు తరుగుతున్నాను. శుక్రవారాలు తిత్తి నేనే వేసుకుంటాను. ఆ అమ్మాయి కీబోర్డు దగ్గరికి వెళ్ళిపోయింది గానీ, పద్యం వచ్చినప్పుడు నేను ఊపిరి పీల్చగానే దాని భుజాలు కూడా లేస్తాయి. శాలువాను బాబా సూర్ తీసుకుపోయి ఊద్ మీద కప్పాడు. అట్ట చెక్కును భాయ్ హమ్రియా తీసుకుపోయాడు. గట్టి అట్ట, మంచిదని చెప్పి, దాన్ని కత్తిరించి కాలర్లకు కొలత అచ్చులు చేసుకున్నాడు. నా పేరున్న ముక్కతో పెద్ద సైజు కాలర్లు వస్తాయట.

మొన్న అధ్యక్షులవారు ఫోను చేశారు. కోపం తగ్గిపోయింది, గొంతులో పాత మర్యాద వచ్చేసింది. మళ్ళీ ఎవరికో సాయం కోసం కచేరీ పెడుతున్నారట. ఈసారి కట్టెల మిల్లులో కాలు పోగొట్టుకున్న మనిషి కోసం.

"మీరు తప్పకుండా రావాలమ్మా. పోయినసారి జరిగిన సాయం వల్ల చెయ్యి ఎంత బాగయిందో స్టేజీ మీద ఒక్కసారి చూపిస్తే జనానికి నమ్మకం కలుగుతుందండి."

"ఆ మనిషి ఏం చేస్తాడు సార్?" అని అడిగాను.

"చెప్పాను కదమ్మా, కాలు పోయింది."

"అది కాదు సార్. ఏం వచ్చు ఆయనకు? పాటా, ఆటా, మాటా?"

కనుక్కోలేదని చెప్పారు.

"కనుక్కోండి. కుర్చీ మాత్రం వేయించవద్దు. మేం నలుగురం వస్తాం. ఆయనకు ఏదొస్తే అది ఆయన చేత చేయిస్తాం, పక్కన మేం వాయిస్తాం."

"మరి చెయ్యి చూపించడం?"

"చూపించను సార్. వినిపిస్తాను."

ఫోను నేను ఎడమ చేత్తో పట్టుకుని ఉన్నాను. ఆయనకు ఆ సంగతి చెప్పలేదు.